సుభద్రమ్మ ఫ్యూజు

మనుషులకు కూడా యాంప్లిఫయర్లు బిగించుకోవచ్చని శ్రవణ శాఖ ఉత్తర్వు ఇచ్చిన మర్నాడే, ఆటోనగర్ మూడో వీధిలో కార్లకు స్టీరియోలు బిగించే దాసరి కోటిలింగం తన షాపు ముందు జాగాను రెండుగా పంచి మధ్యలో తాడు కట్టించాడు. తాడుకు ఇవతల కార్లు, అవతల మనుషులు. మనుషుల వైపు రెండు బెంచీలు, గోడకు ఒక టీవీ పెట్టించాడు. ఇంతకుమించి మార్పు అవసరమని అతనికి తోచలేదు.

శాఖలో కాగితం మీద అర్జీలు తీసుకోవడం మానేసి చాలాకాలమైంది. అర్జీదారు కౌంటరు ముందు నిలబడి నోటితో చెప్పుకోవాలి. కౌంటరు మీద గోడగడియారం లాంటి మీటరు ఒకటి ఉంటుంది. మాట గట్టిగా పలికితే ముల్లు లేస్తుంది. ఎర్రగీత దాటిన మాట విన్నట్టు, దాటని మాట పలకనట్టు. మొదట్లో కాస్త గొంతు పెంచితే ముల్లు గీత దాటేది. అందరూ గొంతు పెంచడం మొదలెట్టాక గుమస్తాల చెవులు ఆ మోతకు అలవాటుపడ్డాయి, దాంతో గీతను పైకి జరిపారు. జనం అరిచారు, గీత ఇంకాస్త పైకి వెళ్ళింది. అలా జరిగి జరిగి గీత మనిషి గొంతుకు అందని చోట ఆగింది. అందుకే శాఖ దయతలచి ఈ అనుమతి ఇచ్చింది.

కోటిలింగం దీన్ని వ్యాపారిలాగే చూశాడు. బండి నడుస్తుంది, మనిషీ నడుస్తాడు. రెండింటికీ కాగితాలుండాలి. రెండింటికీ వాడకం పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది. ఎటొచ్చీ బండికి బానెట్ ఎత్తితే లోపలున్నది కనపడుతుంది, మనిషికి కొంచెం ఓపిక పట్టాలి.

పని మాత్రం పద్ధతి తప్పకుండా చేసేవాడు. ముందు మైనస్ తీయాలి. కారుకైతే బ్యాటరీ మీది నల్ల వైరు విప్పి పక్కకు మడిస్తే చాలు. మనిషికి మైనస్ అంటే ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చిన బాధ. అది తగిలి ఉండగా లోపల చెయ్యి పెడితే నిప్పురవ్వ లేస్తుంది. అందుకని టీవీలో క్రికెట్ పెట్టి కూర్చోబెట్టేవాడు. మనిషి ముందుకు వంగి, "ఛ, చేతిలో పడ్డ క్యాచీ వదిలేశాడు" అన్నాడంటే మైనస్ ఊడినట్టే. పానా అందుకునేవాడు.

కరెంటు పొట్ట దగ్గర్నుంచి లాగాలి. పొద్దున తిన్నదే బ్యాటరీ. ఏమీ తినకుండా వచ్చినవాణ్ణి వీధి మొగలో ఉన్న సుభద్రమ్మ ఇడ్లీబండికి పంపేవాడు. ప్లస్ వైరు బయల్దేరిన జానెడు లోపే ఫ్యూజు పడాలి. పక్కటెముకలు దాటేచోట రబ్బరు బుష్ వెయ్యాలి, లేకపోతే దగ్గినప్పుడల్లా ఎముక అంచు వైరును కోస్తుంది. ఎర్తు వైరుకు మడమ దగ్గర గీకి, గట్టి చోటు తగిలాకే స్క్రూ దించాలి. రంగు మీద బిగించిన ఎర్తు కారుకూ పనికిరాదు, తోలు మీద బిగించిన ఎర్తు మనిషికీ పనికిరాదు. కరెంటు వైరు కుడిపక్క నుంచి, మాట వైరు ఎడమపక్క నుంచి లాగాలి. రెండూ కలిపి లాగితే కారులో పాటలోకి ఇంజను రొద వచ్చినట్టు మనిషి మాటలోకి ఇంటి రొద వస్తుంది.

ఎదురుషాపు సత్తిబాబు ఈ తేడాలేవీ పట్టించుకునేవాడు కాదు. వైర్ల కొసలు వేళ్ళతో మెలిపెట్టి పైన టేపు చుట్టి పంపేసేవాడు. అతని దగ్గర బిగించుకున్న ఒకాయన శాఖలో పింఛను సంగతి మొదలుపెడితే, హాలంతటికీ ఆయన భార్య గొంతు వినిపించింది. ఆ ఉదయం పప్పులో ఉప్పెందుకు ఎక్కువైందో ఆవిడ వివరంగా చెప్పింది. ముల్లు గీత దాటింది కాబట్టి గుమస్తా దాన్నే నమోదు చేసుకున్నాడు.

యాంప్లిఫయర్ను రెండు రెక్కల ఎముకల మధ్య, గాలి ఆడేలా నిలబెట్టి బిగించాలి. పాలిస్టరు చొక్కా తొడుక్కోవద్దని కోటిలింగం చెప్పేవాడు. యాంప్లిఫయర్ మీది గెయిన్ స్క్రూ అంటే వాల్యూం కాదనీ, తను పెట్టిన చోటు నుంచి కదపవద్దనీ చెప్పేవాడు. అందరూ బుద్ధిగా తలూపేవారు. ఇంటికెళ్ళి స్క్రూడ్రైవరుతో చివరికంటా తిప్పుకునేవారు. అప్పుడు ఎవరు నోరు తెరిచినా గొంతు పగిలి, ఓట్లడిగే మైకుబండి లాగే వినిపించేది. ఆ మాటల్లో తమ మాట ఏదో తమకే తెలిసేది కాదు.

అసలు ఇబ్బంది ఫ్యూజు దగ్గర వచ్చింది. సామాన్య అర్జీదారుకు సన్నవైరు, ఐదు ఆంపియర్ల ఫ్యూజు మించకూడదని ఉత్తర్వులో ఉంది. నమస్కారంతో మొదలుకాని అర్జీ అర్జీ కిందకి రాదనీ ఉంది. ఈ రెండు నిబంధనలూ వేరువేరు పేజీల్లో ఉండటంతో మొదట్లో ఎవరూ కలిపి చూడలేదు. అర్జీదారు కౌంటరు ముందు చెప్పులు విడిచి నిలబడి, "నమస్కారమండీ అయ్యగారూ" అనేవాడు. ముల్లు గీత దాటేది. గుమస్తా తలెత్తి చూసేవాడు. అసలు సంగతి మొదలయ్యేలోగా ఫ్యూజు టప్పున పోయేది. ఆ తర్వాత పెదవులు కదిలేవి గానీ ముల్లు లేచేది కాదు. గుమస్తా రాసుకునేవాడు: అర్జీదారు వచ్చి నమస్కారం చెప్పి వెళ్ళారు, ఇబ్బందులేమీ తెలపలేదు.

వేసవి అయ్యేసరికి శాఖ భవనం మీద పెద్ద బోర్డు వెలిసింది. ఫిర్యాదులు లేని జిల్లాగా గుర్తింపు వచ్చినందుకు ప్రజలందరికీ అభినందనలని అందులో రాసి ఉంది.

సుభద్రమ్మ మూడోసారి కాలిన ఫ్యూజు అరచేతిలో పెట్టుకుని వచ్చిన రోజున ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆవిడ సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత పగిలిపోయి ఏడాది దాటింది. కిందటి వానల్లో రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు ఆవిడ భర్త వెంకటరత్నం అందులో దిగబడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు బండి పక్కన స్టూలు మీద కూర్చుని చట్నీ పోస్తుంటాడు. ఆ దారినే బడిపిల్లల ఆటోలు తిరుగుతాయి. మళ్ళీ వానలు పడేలోగా మూత వేయించాలన్నది సుభద్రమ్మ పట్టుదల. ఆవిడ అడిగేది అదొక్కటే.

"ఏం పిన్నీ, మళ్ళీ పోయిందా?" అన్నాడు కోటిలింగం.

"పోదా మరి! నమస్కారం బాబూ అన్నాను. మ్యాన్‌హో... అన్నాను. టప్పుమంది. ఆ గుమస్తా నావంక చూసి నవ్వి, నీకూ నమస్కారం తల్లీ అన్నాడు. మర్యాదస్థుడే పాపం."

"నమస్కారం కురచగా చెప్పకపోయావా?"

"చెప్పాను నాయనా. వట్టి 'నమ' అన్నాను. అది నమస్కారం కాదు, బయటికెళ్ళి మళ్ళీ రమ్మన్నాడు." బెంచీ మీద కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇదిగో కోటిలింగం, టీకొట్టు దగ్గర అందరూ సిగరెట్ పెట్టెలో వెండికాగితం చుట్టుకుంటున్నారంట గదా ఫ్యూజుకి. ఎంతసేపు మాట్లాడినా పోదంట. నాకూ చుట్టిపెట్టు."

కోటిలింగం చేతిలో పానా కింద పెట్టాడు. ఈ మాట రోజుకు పదిమంది అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ అతనికి ఒళ్ళు మండుతుంది.

"పిన్నీ, ఫ్యూజు ఎందుకనుకున్నావు? యాంప్లిఫయర్ను కాపాడటానిక్కాదు. వైరును కాపాడటానికి. కరెంటు ఎక్కువైతే ముందు అది చావాలి. అది చావకపోతే వైరు కాలుద్ది. కారులో వైరు కాలితే సీటు కింద పొగ వస్తుంది, దిగి పారిపోవచ్చు. నీ వైరు నీ డొక్కలో ఉంది. ఎక్కడికి దిగుతావు?"

"స్టాంపుల సూర్యప్రకాశం చుట్టుకున్నాడుగా?"

"చుట్టుకున్నాడు. మొత్తం అర్జీ చెప్పేశాడు కూడా. ఇప్పుడెలా ఉన్నాడో చూశావా? నోరు తెరిస్తే 'య్యా' తప్ప ఏమీ రాదు. వీపు మీద గీత ఉంది, అట్లకాడ కాల్చి పెట్టినట్టు."

"ఆ స్థలం గొడవ మాత్రం తేలిందంట గదా ఆయనకి?" అంది సుభద్రమ్మ.

"తేల్లేదు. వాయిదా పడింది."

"మరి నేనేం చెయ్యను? వాన పడితే రోడ్డేదో గొయ్యేదో కనపడదు. ఎవరి పిల్లో దిగబడితే ఇడ్లీ పెట్టిన చేత్తోనే తీసుకురావాలి నేను."

కోటిలింగం లెక్క వేసుకున్నాడు. దారి లేకపోలేదు. పొట్ట నుంచి లావు వైరు లాగి, దానికి తగ్గ ముప్పై ఆంపియర్ల ఫ్యూజు వేస్తే ఎంతసేపు మాట్లాడినా ప్రమాదం ఉండదు. కార్పొరేటరు ఫణీంద్రకు అలాగే బిగించాడు. ఆయనకు రెండు బ్యాటరీలు, కడుపులో ఒక బాసు స్పీకరు కూడా ఉన్నాయి. ఆయన గొంతు సవరించుకుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. కానీ లావు వైరు ప్రజాప్రతినిధులకే. మామూలు మనిషికి వేస్తే షాపు లైసెన్సు పోతుంది. మరో వైపు చూస్తే, ఆవిడ బండి లేకపోతే తన దగ్గరికొచ్చే మనుషుల్లో సగం మందికి బ్యాటరీ ఉండదు. ఆ గోతి పక్కనుంచే తన షాపుకు కార్లు రావాలి. పైగా ఆవిడ పెసరపచ్చడి అంటే అతనికి ఇష్టం. ఏ వైపు తూకం వేసినా ఆవిడ మాట వినపడటమే లాభంగా తేలింది.

వారానికోసారి షాపులు తనిఖీ చేయడానికి వచ్చే శ్రవణ శాఖ ఉద్యోగి పరాంకుశాన్ని కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి అడిగాడు.

పరాంకుశం శాంతస్వభావి. ఎవరికీ ఏదీ కాదనడం ఆయనకు చేతకాదు. "అర్జీదారుకు లావు వైరు కుదరదండీ కోటిలింగం గారూ. ప్రకటన పరికరానికైతే కుదురుతుంది" అన్నాడు.

"అంటే సార్?"

"రైల్వే స్టేషన్లో మైకులుంటాయి చూడండి, అట్లాంటివి. ఆవిణ్ణి అర్జీదారుల జాబితాలోంచి తీసేసి ప్రకటన పరికరాల్లో చేర్పిద్దాం. పరికరానికి ఫ్యూజు పరిమితి లేదు."

"మరి పరికరం కౌంటరు దగ్గరికొచ్చి మాట్లాడొచ్చా?"

"పరీక్ష కోసం ఒకసారి మాట్లాడించి చూడాలి. నిబంధనే అది."

సుభద్రమ్మకు చెబితే, "పరికరమో పాతసామానో, ఏదో ఒకటి రాసుకోమను. నోరు పనిచేస్తే చాలు" అంది.

కోటిలింగం ఆ బిగింపును తన చేతుల మీదుగా చేశాడు. బొటనవేలంత లావు రాగివైరు తెప్పించాడు. జానెడు లోపలే ఫ్యూజు పెట్టాడు. బుష్‌లు కొత్తవి వేశాడు. మడమ దగ్గర రెండుసార్లు గీకి, ఎర్తు స్క్రూ బిగించి, లాగి చూశాడు. గెయిన్ సరిచేయడానికి ఆవిడ చేత "ఇడ్లీ, ఇడ్లీ, ఇడ్లీ" అని చెప్పించుకుంటూ, గొంతు ఎక్కడ పగలడం మొదలవుతుందో కనిపెట్టి, అక్కణ్ణుంచి ఒక్క పిసరు వెనక్కి తిప్పాడు. చివర్న విడి ఫ్యూజులు చిన్న డబ్బాలో పెట్టిచ్చాడు.

"పోతే ఇదే వేసుకో పిన్నీ. ఇదే సైజు. ఇంకోటి వెయ్యకు."

శాఖ కార్యాలయంలో సుభద్రమ్మ మాట్లాడిన రోజును అక్కడున్నవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. చెప్పులు విడిచి నిలబడి నమస్కారం చెప్పింది. ఫ్యూజు నిలిచింది. మూత ఎప్పుడు పగిలిందో చెప్పింది. వెంకటరత్నం ఎలా దిగబడ్డాడో, ఎవరెవరు పట్టి లాగారో, ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి ఎంతసేపు ఉంచారో చెప్పింది. బడి ఆటోల్లో పిల్లలు కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చుంటారని చెప్పింది. ముల్లు ఎర్రగీత అవతల నిలబడి కదలలేదు. మిగతా కౌంటర్ల దగ్గర నమస్కారాలు ఆగిపోయాయి. గొంతు పగలడం లేదు, ఇంటి రొద లేదు. ఆవిడ గొంతు ఆవిడ గొంతులాగే, కాకపోతే గదంత పెద్దదిగా వినిపించింది.

గుమస్తా ఆసాంతం విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత స్పష్టంగా ఉందమ్మా! ఎవరు బిగించారు?" అని అడిగాడు.

తర్వాత "వినబడింది" అని ముద్ర వేసిన చీటీ ఇచ్చాడు. మూత ఎప్పుడు వేస్తారని ఆవిడ అడిగితే, వినడం వరకే తమ శాఖ పని అనీ, మూతలు వేరే శాఖ చూస్తుందనీ, ఆ శాఖకు చెవులు ఇంకా మంజూరు కాలేదనీ ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పిన తీరులో ఎక్కడా అమర్యాద లేదు.

మరో రెండు రోజులకు పరాంకుశం ఇడ్లీబండి దగ్గరికి వచ్చాడు. ఒక ప్లేటు తిని, చేయి కడుక్కుని, సంచిలోంచి ఉత్తర్వు తీశాడు. కోటిలింగం కూడా అక్కడే ఉన్నాడు.

"పరికరం పరీక్షలో నెగ్గిందండీ. నెగ్గిన పరికరాన్ని ప్రమాదం ఉన్న స్థలంలో నెలకొల్పాలి. ఆ మ్యాన్‌హోల్ దగ్గర ఇప్పుడేముంది?"

"వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు సార్. వీధిలో వాళ్ళే" అన్నాడు కోటిలింగం.

"కొమ్మ మాట్లాడుతుందా?"

"మాట్లాడదు."

"పరికరంతో అదే కదండీ సౌకర్యం" అని పరాంకుశం సుభద్రమ్మ వైపు తిరిగాడు. "అక్కడ నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చెప్తే చాలమ్మా. మూత వేసేదాకానే."

సుభద్రమ్మ గరిటె పట్టుకుని ఆయన వంక చూసింది. "మూత వెయ్యమని నేనడిగితే నన్నే మూతలా నిలబెడతారా?"

"మూత కాదమ్మా. సూచన."

"నేనక్కడ నుంచుంటే ఇడ్లీ ఎవరు దింపుతారు?"

"నేను దింపుతాలే" అన్నాడు వెంకటరత్నం స్టూలు మీంచి. "చట్నీ కూర్చునే పోస్తున్నా కదా. ఇడ్లీ కూడా కూర్చునే దింపుతా. నువ్వెళ్ళు. ఇంకోడు నాలాగా కూర్చోకుండా ఉంటాడు."

మొదటి చినుకులు అప్పుడే పడ్డాయి. సుభద్రమ్మ గరిటె బండి మీద పెట్టి, కొంగు నడుముకు బిగించి, చెప్పులు విప్పి స్టూలు కింద పెట్టి నడిచింది. వేపకొమ్మ పీకి పక్కన పారేసి గోతి అంచున ఆ చోట్లో నిలబడింది.

"నమస్కారం బాబూ. ఇక్కడ మూత లేదు. కుడిపక్కగా వెళ్ళండి."

పని బాగానే నడిచింది. నడిచేవాళ్ళు విన్నారు, సైకిళ్ళవాళ్ళు విన్నారు, బడి ఆటోలు పక్కకు తిరిగి వెళ్ళాయి. పిల్లలు ఆవిడకు తిరిగి నమస్కారం పెట్టడం నేర్చుకున్నారు. ఆ వానల్లో మొదటి నెల ఎవరూ దిగబడలేదు. శాఖ దీన్ని చూసి మిగతా చోట్లా అమలు చేసింది. తెగిన కరెంటు తీగ కింద రిటైరైన ఒక లైన్‌మన్‌ను నిలబెట్టారు. కూలేలా ఉన్న ప్రహరీ పక్కన ఆ ఇంటి యజమానినే నెలకొల్పారు. ఎవరు దేని గురించి మొర పెట్టుకున్నారో వారిని అక్కడే ఉంచడంవల్ల వేరే మనుషుల్ని వెతకాల్సిన అవసరం లేకపోయింది. అందరి వైర్లూ కోటిలింగమే లాగాడు. తాడు కొంచెం కార్ల వైపు జరిగింది.

చిక్కు కార్లవల్ల వచ్చింది. ఒక మధ్యాహ్నం కార్పొరేటరు ఫణీంద్ర కారు మలుపు తిరిగి నేరుగా వచ్చి ముందు చక్రం మ్యాన్‌హోల్‌లో దించింది. సుభద్రమ్మ పక్కకు దూకింది. ఆవిడ ఆ క్షణం దాకా చెబుతూనే ఉందని వీధి మొత్తం సాక్ష్యం చెప్పింది. పరాంకుశం మీటరు తెచ్చి కొలిచాడు. ముల్లు గీత దాటింది. పరికరంలో దోషం లేదు.

దోషం కారులో ఉంది, కారులో దోషం లేకపోవడమే ఆ దోషం. దాని తలుపుల్లో కోటిలింగమే చప్పుడు ఆపే మందపాటి షీట్లు అతికించాడు, స్పీకర్లు కదలకుండా చుట్టూ నురగపట్టీ వేశాడు, తలుపు లోపల కంతలన్నీ మూశాడు. అద్దాలు ఎత్తి పాట పెడితే బయట పిడుగు పడినా లోపలికి రాదు. పట్టణంలో మంచి కార్లన్నీ అతని చేతిలోంచి వచ్చినవే. అంటే కారులో కూర్చునేవాడు ఎవడూ సుభద్రమ్మను ఇంతవరకూ వినలేదు.

"నా బిగింపుకు నా బిగింపే అడ్డమొచ్చింది సార్" అన్నాడు కోటిలింగం. అందులో కొంత గర్వం కూడా ఉంది.

"దాన్దేముందండీ, కలిపేద్దాం" అన్నాడు పరాంకుశం.

కొత్త ఉత్తర్వు ప్రకారం ప్రతి కారు స్టీరియోకూ ఒక చిన్న రిసీవరు తగిలించాలి. కారు ప్రమాదస్థలం దగ్గరికి రాగానే పాట తగ్గి, అక్కడ నిలబడ్డ మనిషి గొంతు స్పీకర్లలో రావాలి. ఎవరికీ బలవంతంగా వినిపించకూడదు కాబట్టి ఆపుకోవడానికి ఒక మీట కూడా ఉండాలి. చక్రం ఇరుక్కున్న కారును క్రేనుతో తీశారు. మూత విషయం ఉత్తర్వులో లేదు.

కోటిలింగం షాపు ముందు కార్లు మళ్ళీ వరస కట్టాయి. రిసీవరు వైరును కరెంటు వైరుకు దూరంగా లాగి, ఎర్తును వేరే స్క్రూకు కాక అసలు స్క్రూకే కలిపి, చివర్న ఓనరును సీట్లో కూర్చోబెట్టి సుభద్రమ్మ గొంతు వినిపించేవాడు. నమస్కారం బాబూ అని ఆవిడ పక్కసీట్లో కూర్చున్నట్టే పలికేది. ఓనర్లు "అబ్బో" అనేవారు. ఆ తర్వాత ప్రతివాడూ ఒకటే అడిగేవాడు.

"ఆపే మీట ఏదండీ?"

కోటిలింగం చూపించేవాడు. అది స్టీరింగు మీదే, బొటనవేలికి అందేలా బిగించేవాడు.

శ్రావణమాసంలో ముసురు పట్టి రోజంతా వదలని ఒక సాయంత్రం, అతను షాపు మూసి తన కారులో ఇంటికి బయల్దేరాడు. మూడో వీధి కాలువలా పారుతోంది. అద్దాలు ఎత్తి, పాట పెట్టుకున్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి పాట తగ్గింది.

"నమస్కారం బాబూ. ఇక్కడ మూత లేదు. కుడిపక్కగా వెళ్ళండి."

అతను వేగం తగ్గించి చెవి పెట్టి విన్నాడు. గరగర లేదు, ఈల లేదు. వానలో కూడా ఇంత బాగా రావడం చూస్తే ఎర్తు బ్రహ్మాండంగా ఉన్నట్టు లెక్క. వైపర్ల సందులోంచి ఆవిడ కనిపించింది. మోకాళ్ళ పైదాకా నీళ్ళలో, నెత్తిన ప్లాస్టిక్ గోతంతో నిలబడి ఉంది. నీళ్ళు ఇంత ఎత్తు రావడం అతను ఎప్పుడూ చూడలేదు.

"కోటిలింగం, నీ బండేగా? ఎడమ లైటు మసగ్గా ఉంటే పోల్చుకున్నాను. పొద్దుట్నుంచీ ఫ్యూజు ఊరికే పోతోంది నాయనా. నీళ్ళు పెరిగేకొద్దీ పోతోంది. నువ్విచ్చిన డబ్బా అయిపోయింది. పిల్లల ఆటోలొచ్చే వేళకి నోరు పడిపోయింది. చెత్తబండి అప్పారావు వెండికాగితం చుట్టిపెట్టాడు. అప్పట్నుంచీ ఒక్కసారి పోతే ఒట్టు."

కోటిలింగం కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"బానే ఉంది. వీపు మాత్రం కాస్త వెచ్చగా ఉంది. ఈ చలికి హాయిగానే ఉందిలే. రేపు తీరికైతే ఒకసారి చూస్తావా?"

కారు ఆగింది. అతను లెక్క వేసుకున్నాడు. ఆ ఫ్యూజులు షాపులో ఉన్నాయి, షాపుకు తాళం పడింది. ఇప్పుడు దిగి కాగితం పీకేస్తే ఆవిడ గొంతు ఆగిపోతుంది. గొంతు ఆగితే వెనక వచ్చే బండి గోతిలో దిగుతుంది. ఆ చోట తను నిలబడి అరవచ్చు, కానీ తనకు యాంప్లిఫయర్ లేదు. మామూలు గొంతును ఈ పట్టణంలో విన్నవాళ్ళు లేక చాలాకాలమైంది. పోనీ వెనక్కి తిప్పి షాపుకు వెళదామంటే వెనక అప్పుడే నాలుగు కార్లు చేరాయి. వాటి హారన్లు అతనికి వినపడలేదు. అద్దంలో వాటి లైట్లు వెలిగి ఆరడం మాత్రం కనిపించింది. లావు వైరు తను వేసిందే. మంచి రాగి. కొంతసేపు తట్టుకుంటుంది. తెల్లారేదాకా తట్టుకోవచ్చు కూడా.

పొద్దున్నే మొదటి పని ఇదే చేద్దామని నిశ్చయించుకుని, ఆవిడ చెప్పినట్టే కుడిపక్కకు తిప్పాడు.

"వింటున్నావా కోటిలింగం?"

రిసీవరు గొంతును లోపలికి తేవడానికే గానీ బయటికి పంపడానికి కాదు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా అలవాటుగా తల ఊపాడు. గొయ్యి దాటింది. బొటనవేలు స్టీరింగు మీద మీటను వెతుక్కుంది.

పాట ఆగిన చోటు నుంచే అందుకుంది. ఎక్కడా గరగర లేదు. మలుపు తిరుగుతుండగా ఏసీ గాల్లో రబ్బరు కాలిన వాసన సన్నగా వచ్చింది. కోటిలింగం బయటి గాలి లోపలికి రాకుండా పిడి తిప్పాడు.